గడ్డకట్టే నూనె

గింకా ముక్కుకు ఏ వాసనా తెలియదు.
మూడేళ్ళ కిందటి జ్వరం
వెళ్తూ వెళ్తూ దాన్ని పట్టుకుపోయింది.
అయినా కజాన్లక్‌లో గులాబీ నూనె కావాలంటే
ఆమె నేలమాళిగకే వెళ్ళమన్నారు.

వర్నాలో నా దగ్గరికి నిద్రపట్టనివాళ్ళు వస్తారు.
దిండు మీద ఒక్క చుక్క చాలు,
అది నిజమైతే.

బస్టాండులో కొన్న సీసా ఆమె ముందు పెట్టాను.
బంగారు అక్షరాల లేబులు.
ఆమె చదవలేదు.
ఓ చుక్క కాగితం మీద వేసి
బంగాళాదుంపలు చెక్కు తీస్తూ కూర్చుంది.
దుంపలన్నీ అయ్యాయి. మరక మాత్రం
పిండివంట కట్టిన పొట్లంలా జిడ్డోడుతూనే ఉంది.
"మోకాళ్ళకి రాసుకో" అంది,
"ఎంతిచ్చావో మాత్రం చెప్పకు, నవ్వాపుకోలేను."

గూట్లోంచి తన సీసా తీసింది, చిటికెన వేలంత.
లోపల నూనె పేరుకుపోయి
సన్నని తెల్లటి సూదులు.
పాడైపోయిందనుకున్నాను.
"చలికి బిగుసుకోనిది గులాబీ కాదమ్మా."
నా గుప్పిట్లో పెట్టి వేళ్ళు మూసి
అంకెలు లెక్కపెట్టమంది.
వంద దాటాక
సూదులు ఒక్కొక్కటే కరిగాయి.

బేరం కుదిరింది. నోట్లు రెండుసార్లు ఎంచుకుంది.
లేవబోతుంటే చెయ్యి పట్టుకుంది.

"మూత తియ్యి.
ఈ ఏడు వానలు ముందే పడ్డాయి.
తెల్లారకముందే కోశాం, అయినా...
ఎలా ఉందో చెప్పు.
బాగుందని కాదు,
ఎలా ఉందో."

మాట కోసం చాలాసేపు వెతుక్కున్నాను.
మిరియం, అన్నాను.
తేనె జాడీ అడుగు.
తడిసిన ఇత్తడి.
ఆమె కళ్ళు మూసుకుని
ఒక్కో మాటకీ
గట్టిగా ఊపిరి పీల్చింది.