శనివారం రాత్రి ఫోన్లు

ఆడిన వాళ్ళ పేర్లు ఆదివారం పేపర్లో వస్తాయి.
డెల్మర్ హాకన్‌సన్ ఫోన్ చేసేది
బెంచి మీంచి లేవని వాళ్ళ ఇళ్ళకి.

"మీవాడికి ఇవాళ కూడా ఆట దక్కలేదమ్మా.
కానీ కాలు విరిగినవాడి హెల్మెట్ ఒళ్ళో పెట్టుకుని
అంబులెన్సు దాకా నడిచింది వాడే."

ఉత్తర డకోటాలో అక్టోబరంటే
మంగలి లేకుండానే గాలి గడ్డం గీసేస్తుంది.
స్టాండ్లలో రెండొందల మంది, సగం దుప్పట్లలో.
ఆ కాలేజీ జెర్సీలు ఉతికేదాన్ని నేను, ఇరవై రెండేళ్ళు.
గడ్డి మరకకి వెనిగర్, నెత్తుటికి చన్నీళ్ళు.
ఓటమికేమిటో ఆయన్నే అడగాలి.

ఆయనా చెప్పేవాడు కాదు.
కెమిస్ట్రీ తప్పిన కొండంత కుర్రాణ్ణి
నా ఇస్త్రీ బల్ల దగ్గర కూర్చోబెట్టి
ఆ పాఠం తనూ మొదటిసారి చదివేవాడు,
వేలు పెట్టి, పెదాలు కదుపుతూ.

ఒకసారి జేబులు చూడకుండా ఆయన కోటు మెషీన్లో వేశాను.
నంబర్ల కాగితం గంజిముద్దయి తేలింది.
ఏడుపు మొహంతో నిలబడితే
"పెన్ను తియ్యి వెర్నా" అన్నాడు.

నలభై ఒక్క ఇళ్ళు. అక్షర క్రమంలో కాదు,
బెంచి మీద కూర్చునే వరసలో చెప్పుకుపోయాడు.
ముప్ఫై మూడో దగ్గర ఆగాడు.
ఆ పిల్లాడి తల్లి మార్చిలో పోయింది.

డ్రయ్యరు తిరుగుతోంది,
లోపల ఎవరిదో బక్కిల్ టకటకలాడుతోంది.

"రాసుకో" అన్నాడు.
"ఇప్పుడు వాళ్ళ నాన్న ఎత్తుతాడు.
మాట్లాడడు.
వింటాడు."