కిర్రు

రెగ్జిన్ సంచి పొట్టు రాలుతోంది.
నల్లటి పొలుసులు
రాజ్యాంగం పుస్తకం మీద, సద్ది డబ్బా మీద,
బస్సులో పక్కనామె తెల్లచీర మీద.
జిప్పు ఎప్పుడో పోయింది. దాని బదులు మూడు పిన్నీసులు.
మొన్న గుడిపాల దాటినాక పట్టుకున్న వాన
నోట్సులో నాలుగు చాప్టర్లు తాగేసింది.

స్కాలర్‌షిప్పు పడింది.
ఫీజు బాకీ పోను, బస్సు పాసు పోను,
అమ్మ చీటీ కంతు పోను
ఎనిమిది వందల నలభై.

చర్చి వీధిలో అంగళ్లు తిరిగినాను.
మొదటి దాంట్లో సంచి మీద బంగారు అచ్చు, ప్యూర్ లెదర్ అని.
గోరుతో నొక్కితే ముడత పడలేదు.
తోలుకు సిగ్గుంటాదంట, నాయన మాట.
నొక్కితే ముడుచుకొని, వదిలితే మెల్లగా తేరుకుంటాది.
ఇది నొక్కినా నవ్వుతానే ఉంది.
రెండో అంగట్లో అసలుదే.
ధర రాసిన అట్టముక్కను
తిరిగి లోపలికి తోసేసినాను, ఎవరూ చూడనట్టు.
మూడోదాంట్లో రొంతసేపు ఏసీకి నిలబడి బయటికొచ్చినాను.

నాలుగోది అంగడి కాదు, మెట్ల కింద గూడు.
ఆంబూరు నుంచి దిగిన తప్పుసరుకు.
ఇనాయత్ భాయ్ ఒక్కొక్కటే దులిపి పరిచినాడు,
పరదేశం వద్దన్న సంచులు.
ఒకదానికి రంగు తేడా, ఒకదానికి బకిల్ వంకర,
ఒకదాని మూత మీద జానెడు గీత.
బతికుండంగా ఏ ముళ్లకంచెలోనో దూరినట్టుంది ఆ గొడ్డు.
అంచు తిప్పి పీచు చూసినాను.
ముక్కు కాడ పెట్టుకున్నాను.
"ఎవరు నేర్పినారమ్మా, ఇట్ల చూసేది?"

క్లాసులో ఇదే ప్రశ్న వేరే మాటల్లో వస్తాది.
మీ నాయన ఏం చేస్తాడు?
బిజినెస్ అంటాను. అబద్ధమూ కాదు.
ఆ మెట్ల కింద మాత్రం, ఎందుకో,
నోరు దానంతటదే
"బస్టాండు గేటు కాడ, పచ్చ గొడుగు కింద. చెప్పులు కుడతాడు."

"మునిరత్నం కూతురివా!"
భాయ్ లోపలికి వంగి ఇంకొకటి లాగినాడు.
పట్టీ తెగింది. తక్కినదంతా ఏనుగు.
"పదకొండొందలు చెప్పేవాణ్ణి. ఏడొందలియ్యి.
పట్టీ మీ ఇంట్లో పనే కదా."
ఆరొందల యాభైకి దిగినాడు. అంతకు మించి దిగలేదు.
(ఆ గీత ఉన్న సంచి ఎవరి పాలబడిందో,
అప్పుడప్పుడూ అనుకుంటాను.)

గొడుగు కింద నాయన
తిప్పి చూసినాడు, మడిచి చూసినాడు,
మిషను కుట్టును బొటనవేలితో తడిమి
"ఊ" అన్నాడు. మంచి పననో, మోటు పననో తెలీలేదు.
దారానికి మైనం పట్టిస్తా
"బుక్కులు పెట్టు దాంట్లో."
"కుట్టినాక పెడతాలే."
"బరువు తెలీకుండా ఎన్ని కుట్లని ఏసేది?"
పెట్టినాను.
నేరాల పుస్తకం, ఒప్పందాల పుస్తకం,
వాన తాగిన నోట్సు, సగం అట్ట లేని డిక్షనరీ.
ఎత్తి చూసి, దించి, మళ్లా ఎత్తి
"ఇదంతా చదవాల్నా?" అన్నాడు.

తర్వాత లేచి నిలబడినాడు.
ముప్పై ఏండ్లుగా వంగి
ఊరందరి పాదాల కొలతలు తీసిన మనిషి
నా భుజం మీది నుంచి నడుం దాకా
పట్టీ వేసి కొలిచినాడు.
తెగిన చెప్పుతో వచ్చినాయన ఒంటికాలి మీద
ఎదురు చూస్తా ఉన్నాడు.
చూడనీ.

ఇప్పుడు లైబ్రరీలో నడిస్తే
పట్టీ కిర్రుమంటాది.
కొత్త తోలు అట్లనే పలుకుతాది,
నెల తిరిగేలోపల మెత్తబడి మాట మానేస్తాదని నాయన చెప్పినాడు.
చదువుకునేవాళ్లు కొందరు తలలెత్తి చూస్తారు.
ర్యాకుల మధ్య
నాకు కావాల్సిన పుస్తకం ఈ చివరే ఉంటాది.
అయినా
ఆ చివరి దాకా పోయి
మెల్లగా తిరిగొస్తాను.