కాసెవానికి నూకి చెప్పిన మాట

ఉలి ఆపు కాసెవాడా, కొంచెం నీడకు రా.
అంబలి తెచ్చిన. తాగుకుంట విను.

నాకు చదువు రాదు. వరుసలు లెక్కపెట్టుడు వచ్చు.
పానగల్లు కాటయ బిరుదులకే పదకొండు వరుసలు పట్టినయి.
అందుల ఒకటి కోట గెలిచిన బిరుదంట.
ఆ కోట నేను చూసిన:
మోకాటెత్తు మట్టిగోడ, లోపల రెండు మేకలు,
మేకల నడుమ దాక్కున్న ఒక ముసలోడు.
మామ బిరుదులు ఆరు. తండ్రివి అయిదు.
ఇగ అడుగున జానెడు చోటు మిగిలింది,
అందుల శాపం రాయాలంటవు.
మరి తూము కట్టించినామె ఏది?

దుందుభి దాటిన దినం చెప్త.
ఆమెకు పదకొండు, నాకు తొమ్మిది.
వడ్డెమాను నుంచి అరణం కదిలింది.
ఒక ఏనుగు, అది నడితోవలనే చచ్చింది,
నలభై పాడావులు, కంచుపళ్ళేలు, నెయ్యి కాగులు,
తర్వాత నేను.
కరణం నా పళ్ళు చూసి రాసుకున్నడు.

ఏరు నడుమ పల్లకి తెర తీసి
గొర్లకాపరిని అడిగింది:
"తాతా, మా నాయిన ఎల్ల ఏది?"
ముసలోడు గొంగడి భుజం మీదికి లాగి నవ్విండు.
"మొన్నటిదాక ఇక్కడనే ఉండె తల్లీ.
నీ లగ్గం కుదిరినంక
అగో, ఆ వెనక గుట్ట దాక పోయింది."
ఆమె వెనక్కు తిరిగి గుట్టను చూసింది.
చాలాసేపు చూసింది.
తర్వాత, ఉలవ గుగ్గిళ్ళు ఇంకా ఉన్నయా అని అడిగింది.

ఏడో ఏట అన్న బొల్లన దండెత్తి వచ్చిండు
ఆ పోయిన ఆరు ఊర్ల కోసమే.
మగడు గోడ మీద, అన్న గోడ కింద.
రాత్రి గుడారంల దివిటీ పట్టింది నేను,
నూనె కారి ముంజేయి కాలింది, చూడు, ఇంకా మచ్చ.
ఆమె ఏడ్వలే. కాళ్ళు పట్టుకోలే.
గవ్వలాటల పందెం కాసినట్టు మాట్లాడింది.
"ఆ ఊర్లు నీవి గావు, ఆయనవి గావు.
నా పసుపుకుంకుమల కింద రాయిండ్రి.
నేనే ఇచ్చినా అని నువ్వు చెప్పుకో,
నేనే ఇచ్చినా అని ఆయన చెప్పుకుంటడు."
తెల్లారి ఇద్దరూ అట్లనే చెప్పుకున్నరు.
నువ్వు చెక్కింది మాత్రం
భుజబలంతో పగవాణ్ణి అణచిన కాటయ అని.
చెక్కు. కూలి ఇచ్చేది ఆయనే గదా.

ఆ ఆరు ఊర్ల గింజలతోనే ఈ తూము లేచింది.
పొద్దు పొడవకముందే గట్టు మీద నిలబడేది.
ఒక రాయి తక్కువైతే పేరుపెట్టి పిలిచి అడిగేది.
మొదటిపారి నీళ్ళు వదిలిన నాడు
చెప్పులు విడిచి కాలువల నడిచింది,
ఈ వయసుల, చీర మోకాళ్ళ దాక ఎత్తుకొని,
నేను నవ్వు ఆపుకోలేకపోయిన.

అట్లని దేవత అని రాయకు.
నిరుడు ఆమె బిడ్డకు పదేండ్లు నిండినయి.
గంగాపురం వాళ్ళు వచ్చి కుదుర్చుకొని పోయిన్రు.
అరణం పట్టీ ఆమెనే నోటితో చెప్పి రాయించింది.
ఆవులకాడ గొంతు మారలే.
నా మనుమరాలి కాడ ఒక్కపారి ఆగింది,
దగ్గు వచ్చి గావచ్చు.
అప్పుడు నేను ఆమె తలకు నూనె రాస్తున్న.
చెయ్యి ఆపలే.
ఇప్పటికీ రాస్తున్న.

అయినా పేరు పేరే.
ఏ, చ, సా, ని. నాలుగే అక్షరాలు.
శాపాన్ని కుదించు, చోటు అదే వస్తది.
గంగ ఒడ్డున వెయ్యి కపిలలను చంపిన పాపం
అని గదా రాస్తవు?
అయిదువందలు చాలవా?

అంబలి ఇంకొంచెం పొయ్యాల్నా?

నా మనుమరాలి పేరా?
గంగి.
దానికి రాయి అక్కర లేదు.
తాటాకు మీద రాసే ఉన్నది,
ఆవుల కింది వరుసల.