ఉత్తుత్తి మాత్ర

నూట ముప్పై ఆరో కవరు చించింది నేనే.
లోపల మందు పేరుండదు,
సీసా నంబరొకటే.
యోయెన్సూ ఆసుపత్రి కిటికీకి అవతల
మైనస్ ఇరవై ఎనిమిది.

ఔలిస్ హక్కరైనెన్, కలప లారీ డ్రైవరు,
యాభై తొమ్మిదేళ్లు.
పూడుకుపోయిన రక్తనాళంలో స్టెంటు వేసి మూడో రోజు.
సంతకానికి కలం అందిస్తే
"బొమ్మా బొరుసా అన్నమాట" అన్నాడు.
అవునన్నాను.
మీకూ తెలియదు, నాకూ తెలియదు, డాక్టరుకీ తెలియదు.
"మరి తెలిసిందెవరికి?"
హెల్సింకిలో ఒక కంప్యూటరుకి.
నవ్వబోయి
పక్కటెముకలు పట్టుకున్నాడు.
బతికించడానికి నొక్కినప్పుడు
రెండు విరిచాం.

ఆరు నెలలకోసారి ఫోను చేయడం నా పని.
ఛాతీలో నొప్పి వచ్చిందా?
మెట్లెక్కితే ఆయాసం?
మళ్లీ ఆసుపత్రిలో చేరారా?
మాత్రలెన్ని మిగిలాయి?
రిసీవరు బల్ల మీద పెట్టి లెక్కపెట్టేవాడు.
చెక్క మీద ఒక్కొక్కటే
టక్, టక్.
పధ్నాలుగు.

ఆ తర్వాత చెప్పేవన్నీ ఫారంలో పట్టనివి:
సరస్సు ఈ ఏడు ఆలస్యంగా గడ్డకట్టిందనీ,
మంచుకు బెజ్జం వేసి పొద్దంతా కూర్చుంటే
మూడంటే మూడు చేపలు పడ్డాయనీ,
ముస్తికి (కుక్క) ఒక కంట పొర కమ్మిందనీ,
చెల్లెలు సైమి వెన్న గిన్నె
రోజుకో చోట దాస్తోందనీ.

ఒకసారి మాత్రం గొంతు తగ్గించి అన్నాడు,
"ఈ తెల్ల మాత్ర మొదలయ్యాక
రాత్రుళ్లు నా గుండె చప్పుడు నాకు వినబడటం లేదమ్మాయ్.
నాకు పడింది అసలు మందే."
నేనేమీ అనకూడదు.
అనలేదు.

ఐదో ఏడు మార్చిలో ఫోను సైమి ఎత్తింది.
ఇంటికప్పు మీద మంచు దించుతుంటే
నిచ్చెన జారిందట.
"గుండె కాదు" అంది.
కాసేపాగి, "గుండె కాదు, రాసుకో" అంది,
అన్న గెలిచిన పందెం ఏదో
నేను తక్కువ చేసి రాస్తానేమోనన్నట్టు.
రాశాను. తేదీ. కారణం.
మాత్రలెన్ని మిగిలాయో
అడగడానికి నోరు రాలేదు.
ఆ గడి ఖాళీగా వదిలేశాను.
పై అధికారి రెండుసార్లు చీటీ పంపాడు.

ఫలితాలు చెప్పే రోజు
హెల్సింకిలో తెర మీద రెండు గీతలు,
ఒకటి నీలం, ఒకటి బూడిద రంగు.
మెట్లు మెట్లుగా దిగుతాయవి,
ఎక్కడం వాటికి రాదు.
ఒక్కో మెట్టూ ఎవరిదో గుండె.
ఔలిస్ అక్కడ మెట్టు కూడా కాదు.
గుండెతో పోలేదు గనక
సన్నటి నిలువు గీత,
ఇక్కడిదాకా ఉన్నాడు, అని మాత్రం.
ఏ గీతలో ఏ గీటు అతనిదో
వెతికి వెతికి వదిలేశాను.

నీలమూ బూడిదా
ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ చివరిదాకా దిగాయి.
తేడా లేదు.
ఏళ్ల తరబడి అందరికీ రాసిన మందు
ఇలాంటి గుండెలకు అక్కర్లేదు.
హాల్లో ఎవరూ చప్పట్లు కొట్టలేదు,
కొట్టాలో వద్దో తెలియక.
భోజనాల దగ్గర చేపల పులుసు మీద మీగడ కట్టింది.

గుట్టు విప్పిన జాబితాలో
నూట ముప్పై ఆరు ఎదురుగా
ఉత్తుత్తి మాత్ర.
పాలచక్కెర, కాస్త పిండి.
ఐదేళ్లు అతని రాత్రులకు కాపలా కాసింది
అదేనన్నమాట.

సైమికి ఉత్తరం పంపితే చాలని నిబంధన.
ఫోను చేశాను.
అంతా విని చాలాసేపు మాట్లాడలేదు.
అవతల ముస్తి గోళ్లతో తలుపు గీరుతోంది.
"అయితే ఇకమీదట జనం
అసలు మాత్ర కూడా మింగక్కర్లేదా?"
అక్కర్లేదు.
"ఎంతమంది?"
ఇంతమందని చెప్పలేను. చాలామంది.

"అలమర వెనక ఒక సీసా దొరికింది" అంది.
"లెక్కపెట్టనా?"

ఫారాలు ఎప్పుడో మూసేశారు.
ఆ గడిలో ఇక ఎవరూ ఏమీ రాయలేరు.
పెట్టమన్నాను.

రిసీవరు బల్ల మీద పెట్టిన చప్పుడు.
టక్.
టక్.