మడప

ఫహాహీల్‌లో నాలుగో పీరియడ్ తెలుగు.
పందొమ్మిది మంది పిల్లలు.
పద్దెనిమిది పెన్సిళ్ళు, ఒక దబ్బనం.

తలకట్టు నేర్పడం నాకు వచ్చు.
ఇరవై ఏళ్ళుగా అదే పని:
సున్నా చుట్టి, పైన టిక్కు పెట్టి,
వత్తుని కింద వేలాడదీసి.
మెహతాజ్ అక్షరాలకి తలకట్టు లేదు.
వత్తు కిందికి దిగదు,
క్యాంటీన్ ముందు పిల్లల్లా
వరసలోనే నిలబడుతుంది.

ఆ రాత్రి వంటింట్లో
గుడ్ల అట్టలోంచి ఆరు గుంటలు కత్తిరించుకున్నాను.
ఖర్జూరం గింజలు కడిగి ఆరబెట్టాను.
ఒక గింజ వేస్తే అ.
మధ్య గుంట వదిలేసి కింద ఇంకోటి వేస్తే క.
"ఈ వయసులో వామనగుంటలా?" అన్నాడు మా ఆయన.
అవునన్నాను.
ఓడిపోతున్నానని కూడా చెప్పాను.

ఆమెది చిన్న చిన్న కిటికీల ఇనప పలక.
కుడి నుంచి ఎడమకి టకటకా పొడుస్తుంది.
"మిస్, తను అరబ్బీ రాస్తోంది!"
ఎలీషా ఫిర్యాదు.
కాగితం తిప్పితే తెలుగు.

మ ఏదో య ఏదో ఎన్నడూ తేలనివాడు ఎలీషా.
వాడి నోట్‌బుక్‌లో వాడి రాతకంటే నా ఎర్ర సిరా ఎక్కువ.
కళ్ళు మూసుకుని ఆ కాగితం తడిమాడు,
అడిగి, మళ్ళీ తడిమాడు.
"మూడైతే మ, ఐదైతే య.
లెక్కపెట్టుకోవచ్చు కదా మిస్,
ముందే ఎందుకు చెప్పలేదు?"

ఏప్రిల్లో దుమ్ము లేచింది.
కిటికీ సందుల్లో తడిగుడ్డలు కుక్కినా
పళ్ళ మధ్య కరకర.
బయట ఆట లేదు కాబట్టి
మీ ఊరి గురించి రాయమన్నాను.
మెహతాజ్ లేచి చదివింది:
"మాది మడప."

గదంతా నవ్వు.
నా చేతిలోకి ఎర్ర పెన్ను ఎప్పుడొచ్చిందో.
ఆమె వేలు వెనక్కి వెళ్ళింది, ఆగింది.
క కి ఉండాల్సినవి రెండే చుక్కలు,
పక్కన అంటుకుని మూడోది.
"తప్పు నాది కాదు మిస్. ఇసుకది."
ఉఫ్ అని ఊదింది.
"మాది కడప.
అక్కడ మిద్దె మీద మిరపకాయలు ఆరబోస్తే
నాకు తుమ్ములు ఆగవు."

పెన్ను మూత పెట్టేశాను.
ఆమె దబ్బనం అడిగి తీసుకుని
కాగితం చివర, ఒక్కో గుంటా గుర్తు చేసుకుంటూ
బాగుంది అని పొడిచాను.

మెహతాజ్ తడిమింది. మళ్ళీ తడిమింది.
"ఎడమ నుంచి మొదలెట్టారు, మిస్.
అంతా తిరగబడింది."
పలక నా వైపు జరిపింది.
"ఇంకోసారి రాయండి,"
అచ్చం నా గొంతుతో,
"తొందరేం లేదు."