ప్రూఫు చూసిన కన్ను

శుక్రవారం, నాలుగూ ఇరవై.
బాలానగర్‌లో కరెంటు పోయింది.
జనరేటర్ దగ్గి దగ్గి అందుకుని
స్క్రీను మళ్ళీ వెలిగేసరికి
అన్నిటికన్నా పైన కూర్చుని ఉందా మెయిలు.

ఇంగ్లీషులో ఉంది, తెలుగు చేసుకుంటే ఇంతే:
యాదగిరి కాస్టింగ్స్ వారి బ్యాంకు ఖాతా మారింది,
ప్లీజ్, పదకొండు లక్షల నలభై వేలు
ఐదులోపు కొత్త ఖాతాకు పంపండి,
అనుమానముంటే ఈ నంబరుకి చేయండి,
నేను మీటింగులో ఉన్నాను,
ఎవరికీ చెప్పవద్దు.
కింద మా ముకుందరెడ్డి సారు పేరు.

ప్లీజట!
పద్నాలుగేళ్ళలో ఆయన నోట ఆ మాట
నా చెవిన పడలేదు.
“శకుంతలమ్మా, పైసలు కొట్టినవా లేదా?”
ఇదీ ఆయన వ్యాకరణం.
మీటింగంటే ఆయనకి
గేటు దగ్గర లారీవాడితో కిరాయి బేరం.

అయినా గుండె దడదడలాడింది, అబద్ధమెందుకు.
ఐదులోపు అన్న మాటకే
వేళ్ళు కీబోర్డు మీదికి లేచాయి.
తొందరపెట్టేవాడు ముందుగా
నా నిమిషాన్ని జేబులో వేసుకుంటాడు.

ఈ ఉద్యోగానికి ముందు
నారాయణగూడ ప్రెస్సులో ప్రూఫులు చూసేదాన్ని.
శుభలేఖలు, దశదినకర్మ కార్డులు, టెన్త్ గైడ్లు.
ఒకసారి పెళ్ళికూతురి తండ్రి పేరులో వత్తు జారిపోతే
ఐదొందల కార్డులు మళ్ళీ కొట్టారు, నా జీతంలోంచి.
అప్పట్నుంచి అక్షరం ఎంత బుద్ధిగా నిలబడ్డా
ఒకసారి గిల్లి చూస్తాను.

కళ్ళజోడు పైకి తోసి
పంపినవాడి చిరునామా గొంతెత్తి చదివాను,
పిల్లలకి గుణింతం చెప్పినట్టు.
కె. ఓ. ఆర్. ఎన్. ఏ. ఎల్.
ఆర్‌కి ఎన్‌ని ఆనించి నిలబెట్టి
ఎమ్ వేషం కట్టించాడు మహానుభావుడు.
మాది కోమల్ వాల్వ్స్.
ఇతగాడిది కోర్నల్!

మెచ్చుకోవాలి.
ఏ ఊళ్ళోనో, ఏ అర్ధరాత్రో కూర్చుని
తప్పుని ఇంత నాజూగ్గా కంపోజు చేశాడంటే
ఆ రోజుల్లో మా ప్రెస్సులో ఉండాల్సినవాడు.

మెయిల్లో ఇచ్చిన నంబరు ముట్టుకోలేదు.
డ్రాయర్లోంచి ఎర్రట్ట డైరీ తీశాను.
ఫర్నేసు హోరులో యాదగిరి అరిచాడు:
“ఖాతానా? నేనెందుకు మారుస్త మేడం,
గదే బ్యాంకు, గదే కుషాయిగూడ బ్రాంచి!”

సిస్టమ్స్‌లో ఇర్షాద్ కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు.
“డిలీట్ కొట్టకండి మేడం, ఉన్నదున్నట్టు నాకు పంపండి.
ఇంకెవరికి వచ్చిందో కనుక్కుందాం.”

కనుక్కుంటే
స్టోర్స్‌లో కొత్త పిల్లాడు, నవతేజ,
తల ఎత్తలేదు.
మంగళవారం జీతం స్లిప్పని ఒకటి వచ్చిందట.
నొక్కాడు, పాస్‌వర్డు కొట్టాడు,
ఖాళీ పేజీ చూసి అర్థమైంది.
మూడ్రోజులుగా టిఫిన్ డబ్బా మూత తీయకుండానే
ఇంటికి మోసుకెళ్తున్నాడు.
“ఉద్యోగం పోతదా మేడం?”

పక్కనున్న బోల్టుల పెట్టె మీద కూర్చున్నాను.
“ఎండాకాలంలో నాకూ ఒక మెసేజ్ వచ్చింది నాన్నా,
రాత్రికి కరెంటు కట్ చేస్తామని.
ఇంట్లో కూలర్ తిరుగుతోంది, భయపడి నొక్కాను.
ఆరు వేల రెండొందలు.
మా ఆయనకి ఇప్పటికీ తెలియదు.”

వాడు మొదటిసారి నా మొహంలోకి చూశాడు.
లేచాం ఇద్దరం, ఇర్షాద్ దగ్గరికి.
వాడి పాస్‌వర్డు మార్చేసరికి ఆరైంది.
గేటు దగ్గర సారుకి సంగతి చెబితే
మీసం దువ్వుకుని అన్నాడు:
“నేను ప్లీజంటనా? నీకు ఆడ్నే తెల్వాలె.”

మెట్రో మెట్లెక్కుతుంటే తట్టింది.
ఎవరికీ చెప్పవద్దని
ఆ కరెంటు మెసేజ్‌లో ఎక్కడా లేదు.
ఆ లైను నేనే చేర్చుకున్నాను.

ఫోను తీసి
“ఇంటికొచ్చాక నీకో మాట చెప్పాలి” అని
మా ఆయనకి టైపు చేసి
రెండుసార్లు ప్రూఫు చూసి
పంపాను.