మారినంతే

పొద్దున దేవరకొండ బస్టాండుల ఎక్కినప్పుడు నూరు.
మర్రిగూడ చేరేసరికి అరవై.
మూడో బోరింగు కాడ, ఎండకు తెర కనిపియ్యక
చెయ్యి అడ్డం పెట్టి చూస్తే పందొమ్మిది.
మాట్లాడింది లేదు, పాట విన్నది లేదు.
సంచిల పండుకొనే తాగేసింది చార్జింగంత.
నిమిషానికోసారి ఆఫీసు కంప్యూటరును
"ఉన్నవా? కొత్తదేమన్న ఉన్నదా?" అని అడుగుకుంట,
సిగ్నలు లేని గుట్టల నడుమ
పలికేటోడు లేని పిలుపు పిలుసుకుంట.

పన్నెండు నీళ్ల సీసాలు. సీసాకో ఫొటో.
ఫొటో కింద ఏ బోరు, ఏ తారీకు, ఫ్లోరైడు ఎంత.
ఒకనాడు రేగులతండల ఫోను సచ్చిపోతే
ముంజేతి మీద పెన్నుతో రాసుకున్న.
బస్సు దిగేసరికి చెమటకు
మూడు ఎనిమిదయి కూసుంది.

జానయ్య చెప్పిండు. మా ఆపరేటరు,
కీబోర్డు సందులల్ల మురుకుల పొడి ఉంటది గానీ పనిమంతుడు.
"అక్కా, దాన్ని ఊకె ఒర్రనియ్యకు.
చార్జింగు పెట్టినప్పుడే, వైఫై ఉన్నప్పుడే,
రాత్రి పదకొండు దాటినంకనే పొమ్మను.
మొత్తం మోసుడెందుకు? మారినంతే పంపమను."

నవ్వొచ్చింది. ఇది నాకు తెలువని చదువా?
దొంగరాత్రి కరెంటు కోసం
చెప్పులు తలకింద పెట్టుకొని ఒడ్డు మీద పండుకున్నోళ్లం.
స్టార్టరు కాడ బుగ్గ వెలిగితే
పెదనాయిన దిగ్గున లేచేటోడు,
ఉన్న రెండు గంటలు ఎండిన మడికే నీళ్లు మలిపేటోడు,
తడిసిన మడి దిక్కు చూసేటోడే కాదు.

గట్లనే పెట్టిన.
ఇప్పుడు ఇల్లు చేరినంక కూడ అరవై ఒకటి ఉంటది.
బియ్యం డబ్బా మీద ఫోను పెట్టి పండుకుంట,
చీకట్ల చిన్న చక్రం తిరుగుతది,
ఆగుతది. అంతే.

మొన్న పొద్దున ఫోల్డరు తెరిస్తే
రేగులతండ బోరుకు ఒకటి కాదు, రెండు ఫైళ్లు.
రెండోదాని తోకకు "కాన్‌ఫ్లిక్టు" అని ఉంది.
నాదాంట్ల నాలుగు పాయింటు రెండు.
దాంట్ల ఒకటి పాయింటు నాలుగు.
నా ఫోను సంచిల ఉన్న పగటిపూట
అక్కడెవరో తెరిచిండ్రు, దిద్దిండ్రు, మూసిండ్రు.
జానయ్యనడిగితే
కీబోర్డు తిరగేసి దులుపుకుంట కూసుండు.
సార్ మాత్రం ఫోన్ చేసిండు:
"పాతది తీసెయ్యమ్మా, గందరగోళం."

యంత్రానికి ఏది నిజమో ఎరుకలేదు.
అయినా ఒకదాని మీద ఇంకోటి రాయలే,
రెంటినీ పక్కపక్కన కూసోబెట్టి
నా దిక్కు చూస్తుంది.

మారినంతే పంపమన్న కదా నేను.
నీళ్లు మారలే. అంకె మారింది.

మళ్ల పోయిన తండకు.
కేలి బిందె వంచి సీసా నింపింది.
ఆమె మనుమరాలు ఫొటోకు నిలవడ్డది,
ఎప్పటిలెక్కనే మూతి బిగవట్టి నవ్వింది.
"పండ్లు చూపియ్యవే" అనలే నేను.
మీటరు పక్కన సీసా, సీసా పక్కన ఆ పిల్ల చెయ్యి.
నాలుగు పాయింటు రెండు.

ఆ రాత్రి పదకొండుకు చక్రం తిరిగింది.
పొద్దున లెక్కవెడితే
ఫోల్డర్ల మూడు ఫైళ్లు.